రెజల్యూట్ నుంచి రెండు నిద్రలు

కెనడా ఉత్తరపు మంచు దీవుల్లోని రెజల్యూట్‌లో రేడియో ఆపరేటర్‌ని పొద్దున ఎవరో కాల్చి చంపారు. మధ్యాహ్నం ఏజెంట్ ఐపిలీకి చీఫ్ ఫోన్ చేశాడు.

"మీ చెల్లెలు ఊలూసి ఇవాళ గ్రైస్ ఫియర్డ్ ఫ్లైట్ ఎక్కుతోంది. శత్రు సబ్‌మెరైన్ల చప్పుడు రికార్డు చేసిన టేపులు ఆమె దగ్గరే ఉన్నాయి. విదేశీ ముఠాకి ఆ సంగతి తెలిసిపోయింది."

"ఫ్లైట్ ఎంతసేపు?"

"గంటా ఇరవై. సగం దారిలో కింద సముద్రం. మన ఏజెంట్ సీపా పసిబిడ్డ తల్లి వేషంలో వస్తుంది. కోడ్ అడిగి చూసుకో."

చనిపోయిన ఆపరేటర్‌తో ఐపిలీ నిన్ననే పేకాడాడు. ఏమీ అనిపించలేదు. ఆటలో ఒక చెయ్యి తగ్గింది, అంతే.

ఐపిలీ పైకి సీల్ చర్మాల వ్యాపారి. చిన్న విమానంలో అతన్ని చూసి ఊలూసి మూతి విరిచింది. "నీ కంపు చర్మాలకి మా ఊరే దొరికిందా అన్నయ్యా?"

పక్క సీట్లో అందగత్తె. వీపున బిడ్డను మోసే బొచ్చు కోటు.

"గ్రైస్ ఫియర్డ్ ఎంత దూరం?" అన్నాడు ఐపిలీ.

"రెండు నిద్రలు, మంచు గట్టిగా ఉంటే."

ఇక్కడ దూరాన్ని దారిలో పడే నిద్రలతో లెక్కిస్తారు. కోడ్ సరిపోయింది. అలవాటుగా కోటు కుట్టు చూశాడు. ఇక్కడి చేతి పనే, అసలు సరుకు.

విమానం సముద్రం మీదికి వచ్చింది. ఆమె వాచీ చూసుకుంది.

"బిడ్డ పడుకున్నాడా?"

ఆమె తల ఊపింది.

ఐపిలీ ఆమె మొహం వైపు చూశాడు. ఇక్కడ అవుననడానికి కనుబొమ్మలెత్తుతారు. తల ఊపేది బయటివాళ్లు. ముఠా ఈమెకు భాష నేర్పింది, కోడ్ నేర్పింది. మొహం నేర్పలేదు. మరి కోటు అసలుదైతే, అది సీపాదే. సీపా ఇక లేదు.

ఆమె చెయ్యి మెలిపెట్టి సీటుకు బేడీ వేశాడు. కోటు వెనక టోపీలో బిడ్డ బదులు రబ్బరు బొమ్మ. దాని కింద పారాచూట్. అంటే తను దూకేసి, విమానాన్ని పేల్చేసే పథకం.

"బాంబు ఎక్కడ?"

ఆమె నవ్వింది. కానీ కళ్లు ఒక్కసారి ఊలూసి సీటు కిందికి పోయాయి. అక్కడి సంచిలో టైమర్. ఇంకో నిమిషం.

ఐపిలీ సంచి ఎత్తుకుని హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. "పైలట్, బాంబుంది. తలుపు తీసి పారెయ్యాలి."

"వేగం తగ్గించనా?"

ఐపిలీ కనుబొమ్మలెత్తాడు. పైలట్ ముందుకే చూస్తున్నాడు.

"తగ్గించనా, వద్దా?"

మళ్లీ ఎత్తాడు. టైమర్ మీద పన్నెండు సెకన్లు.

"ఒరేయ్ అన్నయ్యా, నోటితో చెప్పు!" అరిచింది ఊలూసి.

"తగ్గించు."

విమానం మందగించింది. తలుపు తోసి సంచి విసిరేశాడు. కింద నీళ్లు తెల్లగా లేచి పడ్డాయి.

గ్రైస్ ఫియర్డ్‌లో దిగగానే చీఫ్ ఫోన్. "టేపులు?"

"భద్రం."

"చెల్లెలు?"

"తిడుతోంది."

"నువ్వు బాగానే ఉన్నావా?"

ఐపిలీ కనుబొమ్మలెత్తాడు.

"హలో? లైన్ పోయిందా?" అన్నాడు చీఫ్.