నల్లకోడికి కొత్త రూము

సౌమ్య గంపకు రెండో కోటింగు వేస్తుండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది కానీ బ్రష్ ఆగలేదు. గులాబీ రంగు అంచుల దాకా వచ్చేసింది, ఇంకా అడుగు భాగం మిగిలింది.

ఇంట్లో ఎవరూ లేరు. సకల జనుల సమ్మె జరుగుతోంది కదా, బడి బంద్, బస్సులు బంద్. అమ్మ, బాపు, బాపమ్మ ముగ్గురూ ఊరివాళ్లతో కలిసి ఎల్లారెడ్డిపేట రోడ్డు మీద వంటావార్పుకు పోయారు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని, తెలంగాణ ఇయ్యమని అడగడం అన్నమాట. సౌమ్య కూడా వస్తానంది.

"నువ్వద్దు. ఇంటికాడ ఉండి కోడిని సూస్కో," అంది బాపమ్మ.

సౌమ్య చూసుకుంటోంది మరి. ఎంత బాగా చూసుకుంటోందో మీరే చూడండి.

సౌమ్య వాళ్ల బాపు దేవదాస్ ఇళ్లకు రంగులు వేస్తాడు. సిరిసిల్లలో ఒక పెద్దింటికి రంగు వేసినప్పుడు, వాళ్లు పారేసిన పుస్తకం ఒకటి తెచ్చి సౌమ్యకిచ్చాడు. దాని నిండా ఇళ్ల ఫోటోలే. కిటికీ పక్కన మంచం, మంచం మీద వేలాడే మెరుపు బిళ్లలు, గోడకో రంగు. ఆ పుస్తకం చూసినప్పటి నుంచి సౌమ్య కాలు ఒక్కచోట నిలవడం లేదు. మన ఇల్లు కూడా ఇట్లా చేద్దామని ఇంటిల్లిపాదినీ సతాయించింది.

అమ్మ వంటింటి డబ్బాలు ముట్టనివ్వలేదు. బాపమ్మ తన మంచం కదలనివ్వలేదు. "పనికాడ రంగులే, ఇంటికాడ గూడ రంగులేనా?" అని బాపు నవ్వేశాడు. కాదనకుండా మిగిలింది నల్లకోడి ఒక్కటే.

నల్లకోడి వంటింట్లో, బియ్యం డబ్బా వెనక, పాత గంపలో గుడ్లు పొదుగుతోంది. అదేమో చీకటి మూల. గంపలో ఊక, నలిగిపోయిన గడ్డి. సౌమ్యకు చాలా జాలేసింది.

రోజుకోసారి కోడి మేతకు దిగుతుంది. ఇవాళ అది వాకిట్లోకి పోగానే సౌమ్య గుడ్లన్నీ తీసి, గిన్నెలో మెత్తని గుడ్డ మీద పెట్టింది. వాటిలో మూడింటికి బొగ్గుతో గీతలు గీసి ఉన్నాయి. ఆ మూడూ వెనకింటి ఫౌజియావి. ఫౌజియా పెంచుకున్న చుక్కలకోడిని మొన్న పిల్లి పట్టుకుపోయింది. అది పెట్టిన ఆఖరి గుడ్లవి. వాళ్లింట్లో పొదిగే కోడి లేదని వీటిని నల్లకోడి కింద పెట్టారు. ఫౌజియా రోజూ పొద్దున్నే వచ్చి, "పిల్లలైనయా?" అని అడిగి పోతుంది.

"ఫౌజియా గూడ కుష్ అయితది," అనుకుంది సౌమ్య.

పాత గడ్డిని పెంటకుప్ప మీద పారేసింది. గంపకు రెండు కోటింగులూ వేసి, తడి ఆరకముందే కిటికీ కిందకు జరిపింది. అందులో తన పాత గౌను పరిచింది. కిటికీకి మూడు సీడీలు వేలాడదీసింది. గుడ్లు సర్దింది. అచ్చం పుస్తకంలో లాగే ఉంది.

నల్లకోడి వచ్చింది. ముందు బియ్యం డబ్బా వెనక్కి పోయింది. అక్కడ గంప లేదు. తిరిగి తిరిగి కిటికీ దగ్గరికి వచ్చింది. గాలికి సీడీ తళుక్కున తిరిగింది. అందులో ఇంకో కోడి కనిపించింది. అంతే! రెక్కలు విప్పి దాన్ని టకటకా పొడిచింది. గులాబీ రంగు కాళ్లకు అంటుకుంది. ఆ వాసనకు బెదిరి, ఇల్లంతా అరుస్తూ ఉరికి, బయట ప్రహరీ గోడ ఎక్కి కూర్చుంది.

"రా, రా! గిది నీ రూమే!" అని సౌమ్య బతిమాలింది. నూకలు చూపించింది. కోడి మెడ అటు తిప్పుకుంది.

సౌమ్య లోపలికి వచ్చి ఒక గుడ్డును ముట్టుకుంది. పొద్దున ఉన్నంత వెచ్చగా లేదు. ఆమెకు ఏడుపొచ్చేసింది.

సరిగ్గా అప్పుడే పెద్దవాళ్లు తిరిగొచ్చారు. బాపు గడపలోనే ఆగి ముక్కు ఎగబీల్చాడు.

"గీ పెయింటు వాసనేంది?"

సౌమ్య ఏడుస్తూనే అంతా చెప్పింది. బాపమ్మ గుడ్లన్నీ ఒళ్లో పెట్టుకుని, మీద గొంగడి కప్పుకుని కూర్చుంది.

బాపు గులాబీ గంపను తిప్పి చూశాడు. "కోటింగైతే మంచిగేసినవు. కని బిడ్డా, ఎవలింట్లనన్న రంగేసే ముందు ఏ రంగు గావాలెనని వాళ్లను అడుగుత గదా. నువ్వు కోడిని అడిగినవా?"

"కోడి ఎట్ల చెప్తది బాపూ?"

"చెప్పవట్టె గదనే," అంది బాపమ్మ. "గోడెక్కి కూసోని గంతసేపటి సంది చెప్తాంది. నీకు ఇనవడ్తలేదా?"

అంతలో ఫౌజియా వచ్చింది. గోడ మీద కోడిని, గొంగడి కింద గుడ్లను చూసి ఆమె ముఖం వాడిపోయింది.

"నేనే చేసిన ఫౌజీ," అంది సౌమ్య. "మంచిగుంటదనుకున్న."

"నా గుడ్లున్నయి గదా. నాకు చెప్పకుంట ఎందుకు ముట్టినవ్?"

ఫౌజియా బాపమ్మ పక్కన కూర్చుని గొంగడి కిందికి రెండు చేతులూ పెట్టింది. సౌమ్యను ఇటు రమ్మని కూడా అనలేదు. దానికే సౌమ్యకు ఎక్కువ ఏడుపొచ్చింది.

కళ్లు తుడుచుకుని ఆమె బియ్యం డబ్బా వెనక్కి పోయింది. కోడి ఉండే చోట బోర్లా పడుకుని గడ్డం నేలకు ఆనించింది. అక్కడ చల్లగా ఉంది. గాలి కొట్టడం లేదు. డబ్బాకూ గోడకూ మధ్య సందులోంచి తలుపు కనిపిస్తోంది. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు అందరూ కనిపిస్తున్నారు. తను మాత్రం ఎవరికీ కనిపించడం లేదు.

"అమ్మో! కోడి ఎంత మంచి జాగ చూసుకున్నది!" అనుకుంది సౌమ్య.

ఒక్క ఉరుకున పెంటకుప్ప దగ్గరికి పోయి, పారేసిన గడ్డిని ఏరుకొచ్చింది. సీడీలు విప్పేసింది. బాపమ్మ దగ్గర ఇంకో పాత గంప ఉంటే అడిగి తీసుకుంది. దాంట్లో ఊక పోసి, మీద ఆ గడ్డి పరిచి, పాత చోటే పెట్టింది. బాపు కోడిని గోడ మీంచి దింపి, దాని కాళ్ల రంగును గుడ్డతో తుడిచి వాకిట్లో వదిలాడు. ఫౌజియా ఒక్కొక్క గుడ్డూ తెచ్చి గంపలో పెట్టింది. తర్వాత అందరూ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

నల్లకోడి చాలాసేపు గునిసింది. తర్వాత మెల్లగా వంటింట్లోకి పోయింది. సౌమ్య తలుపు సందులోంచి చూస్తోంది. కోడి గంప ఎక్కింది, గడ్డిని ముక్కుతో అటూ ఇటూ సర్దుకుంది, గుడ్ల మీద రెక్కలు పరిచి కూర్చుంది. సౌమ్య ఊపిరి పీల్చుకుంది. ఫౌజియా ఆమె చెయ్యి పట్టుకుంది.

బడులు తెరిచాక ఒక ఆదివారం గుడ్లు పగిలాయి. బొగ్గు గీతల గుడ్లలో ఒక్కటే పిల్లయింది. మిగిలిన రెండూ కాలేదు. ఆ రోజు చల్లబడినందుకో, మరెందుకో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ పూట సౌమ్య అన్నం తినలేదు. ఫౌజియా మాత్రం ఆ ఒక్క పిల్లను అరచేతిలో పెట్టుకుని, "అమ్మీ, చుక్కలున్నయి! దీనికి గూడ చుక్కలున్నయి!" అని వీధంతా తిరిగింది.

అది తల్లిని విడిచి తిరిగే ఈడుకు వచ్చాక ఫౌజియా దాన్ని తన ఇంటికి తీసుకుపోయింది. సౌమ్యను కూడా పిలిచింది. అప్పటికే ఒక అట్టపెట్టె, నీలం రంగు డబ్బా, బ్రష్ తెచ్చి పెట్టింది.

"దీనికి నువ్వే రూము చెయ్యాలె. గీ రంగు మంచిగుంటదా?"

నీలం నిజంగానే చాలా బాగుంది. సౌమ్య బ్రష్ చేతిలోకి తీసుకుంది, మళ్లీ కింద పెట్టేసింది.

"జర ఆగు. ముందుగాల దాన్ని ఇడిసిపెట్టు."

ఇద్దరూ గడప మీద కూర్చున్నారు. చుక్కలపిల్ల ఇల్లంతా తిరిగింది. అట్టపెట్టెను ఒకసారి చూసి ముందుకు పోయింది. చెప్పులు పొడిచింది. చివరికి ఫౌజియా వాళ్లమ్మ కుట్టు మిషను కింద, గుడ్డపీలికల కుప్పలో దూరి ఒదిగి కూర్చుంది. దాని ముఖం మీద కిటికీ ఎండ పడుతోంది. అది కళ్లు మూసి తెరుస్తోంది.

సౌమ్య లేచి, తన చున్నీ తీసి మిషనుకు అడ్డంగా కట్టింది. కుప్ప మీద నీడ పడింది.

"మరి రంగు?" అంది ఫౌజియా గుసగుసగా.

"ష్... పండుకున్నది."

ఫౌజియా డబ్బా మూత బిగించింది. ఇద్దరూ మునివేళ్ల మీద నడుచుకుంటూ బయటికి వచ్చేశారు.