ఒకే నంబరు, రెండు పెట్టెలు

"నీకిచ్చేది ఒక్కటే బటన్. అదీ ఒక్కసారే పనిచేస్తుంది," అన్నాడు చీఫ్ లక్ష్మీనారాయణ.

ఏజెంట్ యేసురత్నం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చూడ్డానికి మామూలు కారు తాళంచెవి. గురిపెట్టి నొక్కితే, వంద గజాల లోపు ఏ లారీ ఇంజనైనా ఠక్కున ఆగిపోతుంది.

"రెండు ఇప్పించండి సార్."

"ఒక్కదానికే మూడు సంతకాలు పట్టాయి. విను."

అణు ఇంధనం మోసే పెట్టెల మీద ఇన్నాళ్ళూ ఏ ప్లాంటు ఇష్టం ఆ ప్లాంటుది. ఒకరు మూత మీద ఎర్ర రంగు పూస్తే, ఇంకొకరు పక్కన అక్షరాలు రాసేవాళ్ళు. ఇప్పుడు దేశమంతటికీ ఒకే స్టాండర్డ్ వచ్చింది. ఒకే సైజు అంకెలు, ఒకే చోటు, ఒక్కో పెట్టెకి ఒక్కో నంబరు. పాత గుర్తులు గీకి కొత్తవి వేసే ఈ హడావుడిలోనే విదేశీ ముఠా దూరింది. అచ్చం అలాంటిదే ఒక ఖాళీ పెట్టె చేయించింది. లారీ ఆదోనిలో ఆగినప్పుడు ఆ ఖాళీదాని మీద కూడా అసలు నంబరే వేయించి, అసలుదాన్ని సరిహద్దు దాటించాలని ప్లాను.

"అది చేజారితే?"

"ఎక్కడ మూత తీస్తే అక్కడ ఊరు ఊరంతా మంచాన పడుతుంది. ఏ ఊరో మనకి తెలీదు. ముఠా కదిలాకే బటన్ నొక్కు. తప్పు లారీని ఆపావో, అసలుది ఇంకో దారిన పోతుంది."

ఆదోనిలో మన మనిషి పల్లవి. కొత్త గుర్తుల నియమాలు రాసింది ఆమే. కోడ్ ప్రశ్న, "పత్తిలో తేమెంత?" జవాబు, "ఎండని బట్టి."

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి యేసురత్నం ఆదోనిలో మూతపడ్డ జిన్నింగ్ మిల్లు దగ్గర దిగాడు. పత్తి దళారీ వేషం, భుజాన టవలు, చేతిలో శాంపుల్ పొట్లం. గేటు దగ్గర నల్లకళ్ళద్దాలు, ఎమ్మిగనూరు నేత చీర, మత్తెక్కించే సెంటు.

"పత్తిలో తేమెంత?"

"ఎండని బట్టి," అని నవ్వింది పల్లవి. ఆ నవ్వుకి మనవాడి బుర్ర సగం పనిచెయ్యడం మానేసింది. చెప్పుకోడానికి సిగ్గే, కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా!

ఆమె అతని జేబులో ఒక పెన్ను గుచ్చింది. "రేడియేషన్ తగిలితే వణుకుతుంది. కొత్త నంబరు వెయ్యడానికి ఇంకో గంట పడుతుంది. వెళ్ళి టీ తాగిరా."

లోపల ఒక ముసలాయన లారీ మీది పసుపు పెట్టెకి స్టెన్సిల్ రేకు ఆనించి రంగు అద్దుతున్నాడు. ఉస్మాన్ సాబ్. నలభై ఏళ్ళుగా ప్రెస్సులో పత్తి బేళ్ళకి నంబర్లు వేసిన చెయ్యి. దళారీ వేషానికి తగ్గట్టు ఆయన ఫోన్ నంబరు అడిగి తీసుకుని, యేసురత్నం టీకి పోయాడు. పోయాడండీ! ట్రైనింగులో మొదటి పాఠమే చోటు వదలొద్దని.

తిరిగొచ్చేసరికి మిల్లులోంచి ఒకటి కాదు, రెండు లారీలు బయటికొస్తున్నాయి. రెండింటి మీదా పసుపు పెట్టెలే. రెండింటి మీదా 7714. మోటార్ సైకిలెక్కి వెంటపడ్డాడు.

ఎమ్మిగనూరు సెంటర్లో పత్తి ట్రాక్టర్లు అడ్డం పడి ట్రాఫిక్ జామైంది. ఒక లారీ కోడుమూరు దారిన, రెండోది మంత్రాలయం దారిన ముక్కు పెట్టుకుని నిలబడ్డాయి. మంత్రాలయం దాటితే కర్ణాటకే. ఎస్కార్టు జీపులో ఎస్సై రంగప్ప తాపీగా బజ్జీ తింటున్నాడు.

"రెండున్నాయేంటండీ!"

"మేడమ్ సెప్పినారు కదన్నా. ఒకటి డమ్మీ, సెక్యూరిటీకి. మేము కోడుమూరు లారీ ఎనక పోతాండాము."

"రెండూ ఆపండి."

"కాగితం ప్రకారం రెండిట్లో యాదైనా అసలుదే. ఆర్డరు లేకుండా ఎట్ల ఆపేది?"

యేసురత్నం రెండు లారీల చుట్టూ తిరిగాడు. పెన్ను ఎక్కడా వణకలేదు. హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే, రాతపూర్వకంగా పంపండి, పరిశీలిస్తాం అన్నారు. తల ఎక్కడైనా బాదుకోవాలనిపించింది. పల్లవికి చేశాడు.

"పెట్టె గోడలు మందం కదా, పెన్నుకి అందదు," అందామె తీయగా. "నంబరు పక్కన చుక్క ఉందా? చుక్క ఉన్నదే అసలుది. మేమే పెట్టించాం."

కోడుమూరు లారీ మీద, చివరి అంకె పక్కన, శనగగింజంత నల్ల చుక్క ఉంది. హమ్మయ్య అనుకున్నాడు. ఎస్కార్టు సరైనదాని వెనకే ఉంది, బటన్‌తో పనేలేదు.

అంతలోనే ఒకటి గుర్తొచ్చింది. నియమాల పుస్తకం రాత్రే చదివాడు. అంకెలు తప్ప ఏ గుర్తూ ఉండరాదు. ఆ వాక్యం రాసింది పల్లవే! మరి చుక్క ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?

ఉస్మాన్ సాబ్‌కి ఫోన్ కొట్టాడు. ఆయన మనవరాలు సాదియా ఎత్తింది.

"తాత నమాజులో ఉండాడన్నా."

"అర్జెంటమ్మా!"

"మధ్యలో పలకడన్నా. లైన్లో ఉండు."

ముందు ట్రాక్టరు కదిలింది. మంత్రాలయం లారీ గేరు మార్చింది. యేసురత్నం చెవిలో ఫోను, చేతిలో బటన్. చెయ్యగలిగింది ఏమీ లేదు. ఇరవై గజాలు. నలభై. దేవుడా, ఆయన ప్రార్థన ఆపమని నిన్ను ఏ మొహం పెట్టుకుని అడగను! అరవై. ఎనభై.

"ఎవురప్పా?"

"సాబ్, చుక్క! చుక్క యాడ పెట్టినావు?"

"ఓ, అదా. ఒకే నంబరు రెండు తూర్లు పడితే రెండోదానికి చుక్క పెట్టాల. బేళ్ళకి మేమట్లనే పెడ్తాము, లేకుంటే యాది యాదో తెలిసేదెట్లా? ఆ అమ్మ వద్దనింది, నేనే ఆమె అట్ల తిరిగినాక పెట్టినా. లారీలు కదిలేటప్పుడు సూసింది గానీ, తుడిసే టైము లేకపాయె. పెట్టకుంటే నాకు అన్నం దిగదు."

"రెండోది యాది?"

"కొత్త పెట్టె. దాని మింద గీకేకి పాత రంగే లేకపాయె!"

చుక్క ఉన్నది ఖాళీది. యేసురత్నం గిరుక్కున రెండో లారీ వైపు తిరిగి, గురిపెట్టి బటన్ నొక్కాడు. తొంభై అయిదో గజం దగ్గర మంత్రాలయం లారీ ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. క్యాబిన్లోంచి దూకిన నలుగుర్ని పత్తి ట్రాక్టర్ల వాళ్ళే పట్టుకున్నారు. రంగప్ప బజ్జీ పారేసి పరుగెత్తుకొచ్చాడు. పల్లవి కారు కోడుమూరు అవతల గూడూరు దగ్గర దొరికింది. పల్లవి దొరకలేదు.

మూడోరోజు హెడ్డాఫీసు నుంచి ఆర్డరొచ్చింది. అభినందనలేమో అని విప్పాడు. "సదరు చుక్క స్టాండర్డుకు విరుద్ధం. వెంటనే చెరిపించి, పెట్టెలు రెండూ ఏకరూపంగా ఉంచి పంపవలెను."

యేసురత్నం ఈసారి చీఫ్‌కే ఫోన్ చేశాడు. చీఫ్ నిట్టూర్చాడు. పైవాళ్ళకి చెప్పి చూశాననీ, వాళ్ళు విన్లేదనీ అన్నాడు.

పోలీసు స్టేషను ఆవరణలో పక్కపక్కనే నిలబెట్టిన పెట్టెల దగ్గరికి ఉస్మాన్ సాబ్ టర్పెంటైన్ గుడ్డతో వచ్చాడు.

"తుడుస్తానప్పా, నాదేముండాది. తుడిసినాక యాది అసలుదో నన్ను అడగొద్దు."

చుక్క పోయింది. యేసురత్నం ఆర్డరు కాపీ మీద "అమలు చేయబడినది" అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత ఎవరూ చూడకుండా తన అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకున్నాడు: ఎడమది అసలుది.