కలుపరి పీకిన దానిమ్మ

2081 ఫాల్గుణం. మదనపల్లె శివారు కాలనీలో తెల్లవారగానే కలుపరులు గూళ్లలోంచి బయటికి వచ్చేవి. తాబేలంత యంత్రాలు. చలికి పాలిపోయిన పచ్చికను దువ్వి, నేలలో సన్నటి రంధ్రాలు పొడిచి గాలి ఆడనిచ్చి, ఎండుకొమ్మలు కత్తిరించి, ఇంటివాళ్లు కాఫీ ముగించేలోపు మళ్లీ గూట్లోకి చేరుకునేవి.

తోటపని చేసే యంత్రాలు అంతకుముందూ ఉన్నాయి. కలుపరి వాటన్నిటికంటే తెలివైనది. కలుపు అనేది ఒక మొక్క జాతి కాదు. పచ్చికలో మొలిచిన గోంగూర ఒకరికి కలుపు, ఇంకొకరికి పప్పులోకి ఆకు. ఏది కలుపో తేల్చేది ఇంటివాళ్ల మనసే. అందుకని దాన్ని తయారుచేసిన డాక్టర్ షమీమ్ తోట గోడలకు ‘నేత్రగ్రాహి’ అనే సెన్సర్లు అమర్చింది. మొక్కను చూసినప్పుడు మనిషి కనుపాప ఎలా మారుతోందో, నాడి ఎలా కొట్టుకుంటోందో అవి కనిపెడతాయి. ఆ మొక్క వద్దని తేలితే కలుపరి దాన్ని వేళ్లతో సహా తీసేస్తుంది. ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు. అడిగితే మాత్రం ఎందుకు తీసిందో అదే గొంతు విప్పి చెబుతుంది.

ఆ ఉదయం పక్క వీధిలోని హేమాద్రి ఆమెకు ఫోన్ చేశాడు.

“మేడం, మీ మిషన్ మా దానిమ్మను పీకేసింది. తొందరగా రాండి.”

షమీమ్ పరుగున వెళ్లింది. చదునైన పచ్చిక మధ్య నోరు తెరిచినట్టు ఓ గుంత. పక్కనే ముక్కలైన కొమ్మల కుప్ప. వాటికింకా ఎర్రటి మొగ్గలున్నాయి. హేమాద్రి భార్య నీలవేణి ఆ మట్టిలోనే కూర్చుని ఉంది. ఆమెకు ఏడుపు కూడా రావడం లేదు.

“అది మా చిన్మయి పెట్టింది మేడం,” అన్నాడు హేమాద్రి. “పండు తిని, గింజ ఉమ్మి, చెట్టయితాది చూడు నాన్నా అనింది. మరుసటేడే జ్వరమొచ్చి పోయింది. తొమ్మిదేండ్ల బిడ్డ.”

నీలవేణి తలెత్తింది. “నువ్వే! నీడకి గడ్డి పలచబడతా ఉందని గొణగలేదా? నీ మనసులో ఉండేదే ఇది చేసింది.”

“ఒట్టు నీలా. నాలుగేండ్లుగా దానికి నీళ్లు పోస్తా ఉండేది ఎవురు?”

యంత్రం ఎక్కడో పొరబడిందనుకుంది షమీమ్. గుంత పక్కనే ఆగి ఉన్న కలుపరి వీపు మీది మూత తెరిచి రికార్డు చూసింది. వెంటనే మూత వేసేసింది.

“మెషీన్ తప్పేనమ్మా. నాదే తప్పు,” అంది వాళ్ల ముఖాలు చూడకుండా.

నీలవేణి నమ్మలేదు. యంత్రం వైపే తిరిగింది. “చెప్పు. దీన్ని వద్దనింది ఎవురు?”

షమీమ్ ఆపేలోపే కలుపరి మెత్తటి గొంతుతో జవాబిచ్చింది.

“ఇంట్లో ఒక్కరికే వద్దనిపిస్తే నేను తీయను. నన్ను ఇక్కడ పెట్టి పద్నాలుగు నెలలు. మొదటి రోజు నుంచీ హేమాద్రి గారికి ఆ మొక్క వద్దు. నీలవేణి గారికి అది ఈ వారం తొలి మొగ్గ వేసినప్పటి నుంచీ వద్దు.”

హేమాద్రి కుప్పలోంచి మొగ్గలున్న ఒక కొమ్మ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“దాన్ని చూస్తే ఆస్పత్రే గుర్తొచ్చేది. కొట్టేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. నువ్వు దాన్ని చూసుకునే బతుకుతా ఉండావని నీళ్లు పోసినా.”

“నువ్వు పోస్తా ఉండావనే నేనూ ఊరుకున్నా,” అంది నీలవేణి. మాట పూర్తి కాకముందే ఏడుపు తన్నుకొచ్చింది. “కాయ కాస్తే ఎవురికి పెట్టాల? ఆ కాయ కళ్లజూడకుండా చెయ్ దేవుడా అని మొక్కుకున్నా.”

షమీమ్ తను కనిపెట్టింది గడ్డి సంగతి చూసుకునే యంత్రమనే ఇన్నాళ్లూ అనుకుంది.

ఇంతలో కలుపరి కదిలింది. తన క్రమం ప్రకారం మట్టి లాగి గుంత పూడ్చసాగింది. షమీమ్ గబగబా ఆపే మీట కోసం వంగింది.

“వద్దు మేడం,” అంది నీలవేణి. “పూడ్చనీండి.”

హేమాద్రి పక్కకు జరిగి, యంత్రానికి దారి ఇచ్చాడు.