సీసా కన్నా ముందు ఖర్జూరం

మేడ్చల్ హైవే వంతెన కింద కబడ్డీ కోచ్ ప్రతాప్ శవం దొరికింది. పీక తెగింది. తెగిన చోట అతని విజిలే కుక్కి ఉంది.

"డోపింగ్ మందులమ్మే విదేశీ ముఠా పని," అంది ఫోన్లో గిడియోన్‌తో డోపింగ్ నిరోధక దళం చీఫ్ మాధవీలత. "ఇక మనకు మిగిలిన సాక్షి ఆటగాడు రహీల్ ఒక్కడే. రేపు ముఠా పేర్లు చెప్తాడు. ఈలోగా వాడి శాంపిల్ పాజిటివ్ చేయాలని వాళ్ల ప్లాన్. డోపింగ్‌లో దొరికినవాడి మాట ఎవరు నమ్ముతారు?"

"మనం ఎప్పుడూ సూది పొడిపించుకున్న పిల్లగాణ్నే బ్యాన్ చేసి చేతులు దులుపుకుంటం మేడమ్. అమ్మినోడు ఇంకో పిల్లగాణ్ని ఎతుక్కుంటడు."

"అందుకే ఈసారి అమ్మినవాడు కావాలి. ప్రాణాలతో."

"కాళ్లు చేతులు గూడ ఉండాలా?"

"ప్రాణాలతో అన్నాను."

మచ్చ బొల్లారం ఏజెంట్ గిడియోన్‌కు చొక్కాల కన్నా వేషాలెక్కువ. ఆ సాయంత్రం ఐసు దిమ్మలు మోసే కూలీగా శామీర్‌పేట కబడ్డీ క్యాంపులో దిగాడు. చేతిలో ఐసు పొడిచే ఇనుప మేకు. దాని పిడిలో కెమెరా, ట్రాన్స్‌మీటర్, ఇంత తలనొప్పి బామ్.

రంజాన్ నెల. ఉపాసం మీదే మ్యాచ్ గెలిపించిన రహీల్ డోప్ టెస్టు గదిలో కూర్చున్నాడు. పొద్దుటి నుంచి చుక్క నీరు తాగనివాడికి మూత్రం ఎక్కణ్నుంచి వస్తుంది? పొద్దు గూకి మగ్రిబ్ అజాన్ పడాలి, నీళ్లు తాగాలి, అప్పుడే శాంపిల్.

టీమ్ ఫిజియో జాస్మిన్ ఎదురొచ్చింది. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వుకు భుజం మీది దిమ్మ సగం కరిగిపోయింది.

"అన్నా, జల్దీ. సూది పట్టుకొని ఒకడు లాకర్ రూంల ఉన్నడు."

ఉన్నాడు, కొండంత విదేశీయుడు. మొదటి గుద్దుకు గిడియోన్ పళ్లు రెండు గోడకు తగిలాయి, మూడోది మింగేశాడు. మిగిలిన దిమ్మతో వాడి మోకాలు విరగ్గొట్టాడు. వాడు పడుతూ కత్తి దూస్తే, ఆ చేతిని మేకుతో బెంచీకి దిగ్గొట్టాడు. ఐసంతా ఎర్రబడింది. వాడు స్పృహ తప్పాడు.

వాడి జేబులో సిరంజి. ఖాళీ. పక్కనే నీళ్ల సీసా. సీలు అలాగే ఉంది, మూత కింద మాత్రం సూది మొనంత రంధ్రం.

జాస్మిన్ తనను కావాలనే ఇటు పంపింది. మందు నీళ్లలో ఉంది, ఇలాంటి సీసాయే ఇంకోటి రహీల్ దగ్గరికి పోయి ఉంటుంది. ఖాళీ కడుపులో అంత డోసు పడితే బ్యాన్ కన్నా ముందే గుండె ఆగుతుంది.

మేకు పీక్కుని పరుగెత్తాడు. అప్పుడే అజాన్ మొదలైంది.

టెస్టు గదిలో జాస్మిన్ ప్రేమగా మూత తీసి ఇచ్చిన సీసా రహీల్ చేతిలో ఉంది. దాహంతో ఉన్నవాడు ముందు నీళ్లే తాగుతాడని ముఠా లెక్క. కానీ రహీల్ షహజాది బేగం మనవడు. అవ్వ నేర్పినట్టు ఉపాసం విడిచే దుఆ చదివాడు, ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు, తీరిగ్గా నమిలాడు, గింజ తీసి పక్కన పెట్టాడు. సీసా పెదాల దాకా లేచేసరికి గిడియోన్ గుమ్మంలో ఉన్నాడు.

వెనక నుంచి విసిరిన మేకు రహీల్ చెవి పక్కగా దూసుకెళ్లి, సీసాను లాక్కెళ్లి గోడకు గుచ్చింది. జాస్మిన్ పిస్తోలు పేలింది. గిడియోన్ భుజంలో గుండు దిగింది. ఆ భుజంతోనే ఆమెను తలుపుకేసి కొట్టాడు. ముక్కు విరిగిన చప్పుడు అజాన్‌లో కలిసిపోయింది. బేడీలు పడ్డాయి.

బల్ల కింద నుంచి శాంపిల్ ఆఫీసర్ వెంకటసాయి లేచాడు, చేతిలో కప్పు అలాగే ఉంది.

"రూల్ ప్రకారం శాంపిల్ కావాలి. వేరే గది నుంచి కొత్త నీళ్లు తెప్పిస్తా తమ్మీ."

రహీల్ తడిసిన నిక్కరు వైపు చూసుకున్నాడు.

"ఇగ నీళ్లెందుకు సార్. గా మేకు చెవి పక్కకెల్లి పోయినప్పుడే వచ్చింది. మీరే పట్టుకోలే."