పన్నెండు తోపుల అడవిలో పెళ్ళి అరిసె

పూర్వం మధుకూటమనే రాజ్యాన్ని విజృంభభూపతి అనే రాజు పాలించేవాడు. పాలించేవాడని మర్యాదకు అంటున్నాను. నిజానికి ఆయన చేసే పనల్లా కిరీటం సర్దుకోవడం, అది అయ్యాక పొరుగు రాజుల మేడకన్నా తన మేడ ఎన్ని మూరలు ఎత్తో కొలిపించుకోవడం. మిగిలిన పనులు వాటంతటవే జరిగితే జరిగేవి, లేకపోతే లేదు.

ఆ రాజ్యంలో ఒక పాత ఆచారం ఉండేది. రాజుగారింట పెళ్ళి జరిగితే, పెళ్ళికి చేసిన పెద్ద మిఠాయిలో ఒక ముక్క తీసి జాడీలో పెట్టి, మూతికి గుడ్డ బిగించి వాసెన కట్టి, ఏడాదిపాటు దాచాలి. మొదటి పెళ్ళిరోజున దాన్ని విప్పి వధూవరులు కొంచెం తిని, మిగిలింది పన్నెండు తోపుల అడవిలో ఉండే యక్షిణికి పంపాలి. మధుకూటానికి నేలా నీరూ ఇచ్చింది ఆవిడే. మిఠాయి చెడితే ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అంతవరకూ ఎవరూ చెడగొట్టలేదు. అంతవరకూ విజృంభభూపతిలాంటి రాజూ పుట్టలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు, మందారవల్లి. తల్లి పురిట్లోనే చనిపోతే, కోటలో మిఠాయిలు వండే అచ్చమ్మ తన కూతురు చెంగల్వతోపాటు ఆ పసిదానికీ పాలిచ్చి పెంచింది. ఆడపిల్లలిద్దరూ ఒకే చాప మీద నిద్రపోయి, ఒకే కంచంలో తిని పెద్దవాళ్ళయ్యారు. చెంగల్వకు మందారవల్లి అంటే ప్రాణం.

మందారవల్లికి చిత్రకేతుడనే రాకుమారుడితో పెళ్ళి కుదిరింది. ఏ మిఠాయి చేయించాలన్న దాని మీద సభ మూడు రోజులు నడిచింది. కరువు వచ్చినప్పుడు అదే సభ మూడు ఘడియలు కూడా కూర్చోలేదు.

"ఏలినవారు చిత్తగించాలి. ఏడాది నిలవుండాలంటే అరిసే చెయ్యాలండి. నేతిలో వేయించి, చెక్కల మధ్య పెట్టి రెండుసార్లు నొక్కి పిండేస్తే ఇక దానికి చావు లేదు" అంది అచ్చమ్మ.

"అరిసా! నల్లగా, బండలాగా! పొరుగు రాజులు చూసి నవ్వరూ?" అన్నాడు రాజు.

"కోవాతో ఏడంతస్తుల మేడ కట్టించండి మామగారూ. శిఖరం మీద నా విగ్రహం నిలబెట్టించండి" అన్నాడు చిత్రకేతుడు.

సభ చప్పట్లు కొట్టింది. ఆ సభకు వచ్చిన విద్య అదొక్కటే.

సరే, పెళ్ళయింది. అచ్చమ్మ కోవా ముక్కను జాడీలో పెట్టి, వాసెన కట్టి, ఎవరూ ముట్టుకోవద్దని మొత్తుకుంది. రాజు వింటేనా? వచ్చిన ప్రతి అతిథికీ జాడీ విప్పి చూపించాడు. చిత్రకేతుడైతే భోజనం చేసి చెయ్యి కడుక్కుని, ఆ తడి చేత్తోనే రోజూ కాస్త గిల్లుకుని తినేవాడు. పిల్లలూ, ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెడితే మీ అమ్మ మీ వీపు విమానం మోత మోగిస్తుంది కదా? ఆరేళ్ళ పిల్లలకు తెలిసిన ఆ సంగతి, ముప్ఫై రెండు బిరుదులున్న ఆ మహానుభావుడికి తెలియదు.

ఏడాది తిరిగి పెళ్ళిరోజున జాడీ విప్పితే లోపల ముక్క లేదు, పచ్చటి గడ్డం మొలిచిన బూజు ముద్ద ఉంది. ఆ కంపుకు మంత్రి మూర్ఛపోయాడు. అదే క్షణంలో ఆకాశం నుంచి యక్షిణి గొంతు వినిపించింది.

"నా భాగం కుళ్ళబెట్టారా? అయితే పెళ్ళికూతురే మీ మిఠాయి. తొలకరి పడేలోగా, చెడని పెళ్ళి మిఠాయిని నా పన్నెండు తోపులూ దాటించి తెండి. తెస్తే ఆ పిల్లను విడిచిపెడతాను. లేదంటే వానలో కరిగిపోతుంది."

అందరూ చూస్తుండగానే మందారవల్లి పెళ్ళిళ్ళలో పంచే పంచదార చిలకగా మారిపోయింది. జానెడు చిలక, పళ్ళెంలో, కళ్ళు తెరుచుకుని.

చీమలు రాకుండా పళ్ళెం చుట్టూ నీళ్ళు నిలబెట్టమన్నాడు రాజు. పంచదార పక్కన నీళ్ళు! చెమ్మకు చిలక తోక మెత్తబడుతుంటే అచ్చమ్మ ఏడుస్తూ ఆ నీళ్ళు పారబోసి, చుట్టూ పసుపు గీత గీసింది. తొలకరికి పది రోజులే ఉందని జ్యోతిష్కులు చెప్పారు.

చిత్రకేతుడు మళ్ళీ కోవా మేడే కట్టించుకుని, దాన్ని ఏనుగు మీద ఎక్కించి, బాజాలతో ఊరంతా ఊరేగాక బయలుదేరాడు. అదే తప్పు రెండోసారి చెయ్యడానికి బాజాలెందుకో మీరే చెప్పండి.

చెంగల్వ మాత్రం వంటింట్లోకి వెళ్ళి పొయ్యి రాజేసింది.

"అమ్మా, నేను వెళ్తాను. పాకం ఎంతదాకా రానివ్వాలి?"

"చుక్క నీళ్ళలో వేసి, ఉండ చేసి పళ్ళేనికి కొట్టు. టంగుమని మోగాలి. మామూలుగా అయితే ఆ పాకం అరిసెకు పనికిరాదే, పళ్ళు ఊడతాయి. ఇప్పుడు తినేవాళ్ళ తిప్పలు మనకెందుకు? పిల్ల బతకాలి" అంది అచ్చమ్మ.

ఒక అరిసెను జాడీలో పెట్టి, వాసెన కట్టి, చుట్టూ మైనం పూశారు. దారిలో తినడానికి నాలుగు అరిసెలు మూటలో వేసుకుని, వానకు కప్పుకునే తాటాకు గిడుగు వీపున తగిలించుకుని చెంగల్వ అడవి దారి పట్టింది.

ఆ అడవిలో ఒక్కో తోపుది ఒక్కో నెల. బయట ఒక పూట గడిస్తే లోపల నెల రోజుల ఎండా వానా చలీ గడిచిపోతాయి. చైత్రం తోపులో మామిళ్ళు పూసి ఉన్నాయి. అక్కడే చిత్రకేతుడి ఏనుగు ఆమెను దాటింది.

"ఏయ్ పిల్లా, ఆ కుండేమిటి? దారిలో ముష్టెత్తుకోడానికా?" అన్నాడు పైనుంచి.

"మీ మేడకు ఈగలు ముసురుతున్నాయి, చూసుకోండి బాబుగారూ" అంది చెంగల్వ.

వైశాఖం దాటి జ్యేష్ఠం తోపులో అడుగుపెట్టేసరికి నేల పెనంలా కాలుతోంది. గుటకాసురుడనే రాక్షసుడు కొండలాంటి పొట్టతో దారికి అడ్డంగా కూర్చున్నాడు.

"జాడీ ఇటియ్యి. లేదంటే జాడీతోపాటు నిన్నూ మింగుతా. ఇందాక ఏనుగెక్కి వచ్చినవాడు అడక్కుండానే రెండంతస్తులు ఇచ్చి దణ్ణం పెట్టాడు. థూ, పుల్లగా ఉంది, ఉమ్మేశాను" అన్నాడు.

చెంగల్వ మూట విప్పి ఒక అరిసె తీసింది. "ముందిది కొరుకు. ఒక్క కొరుకులో తినగలిగితే జాడీ నీదే."

రాక్షసుడు అరిసెను కోరల మధ్య పెట్టి బలంగా కొరికాడు. ఫట్‌మని కోర విరిగి కింద పడింది.

"ఓరి నాయనో! ఇది తిండా, బండా?"

"ఇది మెత్తటిది. జాడీలోది నాలుగు రోజుల ముందు పాకం పట్టింది, ఇంకా గట్టిది. ఇమ్మంటావా?"

"వద్దు తల్లీ, వద్దు!" అంటూ వాడు బుగ్గ పట్టుకుని పొదల్లోకి పరుగెత్తాడు. ఏడు ఊళ్ళను గజగజలాడించే రాక్షసుడు ఒక్క పన్ను కోసం చంటిపిల్లవాడిలా ఏడ్చాడు. భయపెట్టేవాళ్ళలో చాలామంది సరుకు అంతే.

ఆషాఢం తోపులో కుండపోత. చెంగల్వ జాడీని కడుపుకు హత్తుకుని గిడుగు కింద ముడుచుకుని నడిచింది. మలుపు తిరిగేసరికి చిత్రకేతుడు కనిపించాడు. కోవా మేడ నీళ్ళలా కారి ఏనుగు చెవుల మీదుగా బురదలోకి పోతోంది. శిఖరం మీది విగ్రహానికి ముందు ముక్కు ఊడింది, తర్వాత తల. ఏనుగు తొండంతో మిగిలింది నాకుతోంది. ఆ ప్రయాణంలో బాగుపడింది అదొక్కటే.

"ఈ అడవి సరిగ్గా లేదు. మామగారితో చెప్పి దీన్ని కొట్టించేస్తాను!" అని అరిచి, చిత్రకేతుడు వెనక్కి తిరిగాడు. భార్య గురించి ఒక్క మాట అనలేదు. చెంగల్వకు ఒళ్ళు మండింది గాని, ఆగి తిట్టే తీరిక లేదు.

శ్రావణం, భాద్రపదం కూడా వానే. ఆ తర్వాత మంచు మొదలైంది. మాఘం తోపులో నాలుగు కంబళ్ళు కప్పుకున్న ఒక ముని చలిమంట దగ్గర కూర్చుని పిలిచాడు.

"అమ్మాయీ, ఇన్ని తోపులు దాటావు. లోపల ఏముందో చూసుకున్నావా? బూజు పట్టిందేమో. ఒక్కసారి విప్పు. నా మంత్రజలం చల్లితే ఎంత చెడినా బాగవుతుంది."

ఆ మాట చెంగల్వ గుండెలో పొడిచింది. నిజమే, వానలో నానింది కదా! పాడైపోయి ఉంటే? ఇక్కడే తెలిస్తే ఏదో ఒకటి చెయ్యొచ్చేమో. ఆమె కూలబడి, ముడి మీద వేలు పెట్టింది. ఏడుపు ఆగలేదు.

తర్వాత కళ్ళు తుడుచుకుని లేచింది. "విప్పితే నా బెంగ తీరుతుంది స్వామీ. అరిసెకు మాత్రం చెమ్మ తగులుతుంది. నా బెంగ కోసం దాన్ని చంపుకోను."

అప్పుడు చూసింది, ముని వెనక వందల జాడీలు విప్పి పడేసి ఉన్నాయి. ఏవేవో మొక్కులు మోసుకుని వేరే రాజ్యాల నుంచి ఇంతదూరం వచ్చినవాళ్ళందరినీ ఆ మహర్షి అక్కడే ముంచాడన్నమాట. ముని కోపంతో లేచి మూడు శాపాలు పెట్టాడు. ఒక్కటీ తగల్లేదు. తపస్సు చేసుంటే కదా తగలడానికి!

ఫాల్గుణం తోపు చివర, రాతి మీద యక్షిణి కూర్చుని ఉంది. తెల్లటి జుట్టు, నేల దాకా. జాడీ అందుకుని మైనం ఒలిచి, వాసెన విప్పింది. నేతి వాసన గుప్పుమంది. అరిసె మీద నువ్వుగింజ కూడా రాలలేదు. చెంగల్వ నేల మీద కూర్చుని మళ్ళీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో.

యక్షిణి సగం విరిచి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, "బాగుంది. మరి మొదట ఆ పెళ్ళికూతురు ఆ పాల ముద్దను ఎందుకు ఎంచుకుంది?" అంది.

"ఆవిడ ఎంచుకుందా?" చెంగల్వ చటుక్కున లేచింది. "ఆవిడను ఎవరడిగారు? మిఠాయి ఎంచింది వాళ్ళ నాన్న. గిల్లి చెడగొట్టింది మొగుడు. చప్పట్లు కొట్టింది సభ. వాళ్ళందరినీ వదిలేసి ఏ పాపం తెలియని పిల్లను పంచదార చేశావు. యక్షిణివి కదా, ఆమాత్రం కనుక్కోవాలని తోచలేదా నీకు?"

యక్షిణి తల వంచుకుంది.

"పెళ్ళికూతురే ఎంచుకోవాలి, ఇద్దరూ కలిసి కాపాడుకోవాలి అని మొదటి రాజుతో చెప్పాను. మొదటి సగం మింగేశారన్నమాట. తప్పు నాదే" అంది. తర్వాత మిగిలిన సగం చెంగల్వ చేతిలో పెట్టింది. "దీన్ని చిలక ముక్కుకు తాకించు. మిఠాయి చెడిన ఆ పెళ్ళిని నేను పెళ్ళిగా ఒప్పుకోను. ఉంచుకోవడం, వదులుకోవడం ఆ పిల్ల ఇష్టమని చెప్పు."

యక్షిణి చూపించిన అడ్డదారిన చెంగల్వ పరుగున కోటకు చేరేసరికి ఆకాశం నల్లబడింది. చిలక ఎక్కడుందనుకున్నారు? బయట, మేడ మీద! వింత చూపిస్తానని రాజు పొరుగు రాజులను పిలిచాడట. చినుకు మొదలైంది. తెల్లగొడుగు రాజుగారికి తప్ప మరొకరికి పట్టకూడదని పురోహితుడు, రాకుమార్తెకు పట్టొచ్చని మంత్రి, చిలకకు పట్టవచ్చని శాస్త్రంలో లేదని సేనాపతి వాదించుకుంటున్నారు. అచ్చమ్మ ఒక్కతే చిలక మీదకు వంగి, కొంగు కప్పి, వీపున వాన కాసుకుంటోంది.

చెంగల్వ వాళ్ళను తోసుకుంటూ వెళ్ళి అరిసెను చిలక ముక్కుకు తాకించింది. కరగబోతున్న రెక్క వణికింది. మరుక్షణం మందారవల్లి తడిసిన జుట్టుతో అచ్చమ్మ కొంగు కింద నిలబడి ఉంది. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని వానలోనే నవ్వారు, ఏడ్చారు.

"శుభం! పెళ్ళిరోజు ఉత్సవం రేపు మళ్ళీ చేద్దాం. ఈసారి తొమ్మిదంతస్తులు" అన్నాడు రాజు.

"నా విగ్రహం కొంచెం పెద్దది చేయించండి" అన్నాడు చిత్రకేతుడు.

చెంగల్వ యక్షిణి మాట అందరికీ వినిపించేలా చెప్పింది. మందారవల్లి చిత్రకేతుణ్ణి తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసింది.

"నాన్నగారూ, నన్ను ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు యక్షిణి అడిగింది కాబట్టి చెబుతున్నాను. నాకు ఈ పెళ్ళి వద్దు. కూతురు కరిగిపోతుంటే తాను గొడుగు కింద నిలబడి వాదనలు వినే రాజూ ఈ రాజ్యానికి వద్దు."

సభ అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టింది. కొట్టాక గాని ఆ చప్పట్లు దేనికో దానికే అర్థం కాలేదు. ఆ చప్పట్ల ఊపులో రాజు కిరీటం తీసి కూతురికిచ్చాడు. ఆయన చేసిన మంచి పని అదొక్కటే, అదీ చూసుకోకుండా చేశాడు.

మందారవల్లి మధుకూటాన్ని చల్లగా ఏలింది. చెంగల్వ ఆమెకు మంత్రి అయింది. నాలుగేళ్ళ తర్వాత మందారవల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. వరుణ్ణి ఆమే ఎంచుకుంది, మిఠాయినీ ఆమే ఎంచుకుంది. అదేం మిఠాయో చెప్పమని మాత్రం నన్నడక్కండి పిల్లలూ. మనల్ని ఎవరడిగారు?