దీపం బతకని పాతర

తార్నాక దాటి యూనివర్సిటీ హాస్టళ్ళ వైపు వెళ్ళే దారిలో అప్పట్లో ఒక పాడుబడ్డ పటేలు ఇల్లుండేది. పొద్దుగూకితే కుక్క కూడా అటు తొంగిచూసేది కాదు. దెయ్యం సంగతి తర్వాత... ముందు ఆ కంపుకే ముక్కు మూసుకోవాల్సొచ్చేది.

పాతకాలం వ్యవసాయపు ఇల్లు కట్టే తీరే వేరు. ముందు నడింట్లో గింజలు దాచుకోవడానికి పాతర తవ్వేవారు. తవ్విన మట్టినే గడ్డీ పేడా కలిపి, కాళ్ళతో తొక్కి గోడలు పెట్టేవారు. గోడ ఎంత ఎత్తుంటే కింద గొయ్యి అంత లోతన్నమాట.

మూసిన పాతరలో చెడ్డగాలి నిండుతుంది. అందుకే ముందు దీపం దింపి చూస్తారు, ఆరిపోతే మనిషి దిగడు. ఆ పటేలుకు అంత ఓపిక ఎక్కడిది? ఒక కరువేడు వెట్టి మనిషిని ఊరికే దింపేశాడట. వాడు శవమై పైకొచ్చాడు. ఆ శవం పొర్లిన జొన్నల్నే తోడించుకుని, పటేలు రొట్టెలు చేయించుకుని తిన్నాడట. థూ! వాడి నోరు పడ!

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం రోజుల్లో, కరుణాకర్ అనే విద్యార్థి ఒక రాత్రి లాఠీలు తప్పించుకుని ఆ ఇంట్లో దూరాడు. రూమ్మేటు కొమురెల్లి అక్కడే దాక్కుంటానని ముందే పరిగెత్తాడు. దొరికితే ఇద్దరికీ ఎముకలు మిగలవు.

లోపల గబ్బిలాల రెట్ట కాళ్ళ కింద పచపచలాడింది. గోడకు చేయి ఆనిస్తే జిగటగా ఏదో అంటుకుంది. ప్యాంటుకు తుడుచుకుంటే ప్యాంటూ కంపే. నడింట్లో పాతర మీది బండ పక్కకు జరిగి ఉంది... కుళ్ళిన గింజల వాసన గుప్పున కొట్టింది.

"కొమురెల్లీ... ఏడున్నవ్‌రా?"

పాతరలోంచి గుసగుస— "దిగు... జాగున్నది."

గుసగుసలో గొంతేం తెలుస్తుంది, చోటుందని పిలిచింది వాడే అనుకున్నాడు. బయట బూట్ల చప్పుడు దగ్గరైంది. ముక్కు మూసుకుని ఒక కాలు లోపలికి వేలాడేశాడు. అప్పుడే నాయనమ్మ లింగమ్మ మాట గుర్తొచ్చింది. "దీపం బతకని కాడికి నువ్వు పోకు బిడ్డా."

అరచేయి అడ్డుపెట్టి అగ్గిపుల్ల గీసి, లోపలికి చాపాడు... ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. అదీ అంతే.

"పైకి రారా! గాడ గాలి లేదు... సస్తవ్!" గొంతు తగ్గించి కసిరాడు.

"దిగు... జాగున్నది."

గాలి లేని చోట వీడెట్లా మాట్లాడుతున్నాడు?

బూట్ల చప్పుడు దూరమైంది. వెనక నుంచి భుజం మీద చేయి పడింది. తిరిగి చూస్తే— కొమురెల్లి!

"ఎవలతోని మాట్లాడుతున్నవ్‌రా? నేను అటుక మీద పండుకున్న. పోలీసోళ్ళు ఉన్నరని పలకలే..."

కింద నుంచి మళ్ళీ ఆ కంపు లేచింది.

"ఇద్దరికీ... జాగున్నది."