తోడుగొంతు

రండర్రా, పొయ్యి దగ్గరికి జరగండి. తడిసిన బూట్లు గుమ్మం పక్కన పెట్టండి. రూబీ, చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకో, సగంలో జడుసుకుంటుంది. వాన కాస్త తెరిపిచ్చేదాకా మిమ్మల్ని ఎలాగూ పంపను. వాగవతల పొగగొట్టం కూలిన ఇల్లు చూశారుగా, ఆ ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

అప్పట్లో ఆ ఇంట్లో జెల్లా అనే ముసలావిడా, ఆమె మనవరాలు డెల్ఫియా ఉండేవారు. డెల్ఫియా గొంతు ఎలాంటిదంటే, చర్చిలో ఆ పిల్ల పై శ్రుతి అందుకుంటే గనిలో పని చేసి వచ్చిన మగవాళ్ళు కూడా టోపీలు తీసి చేతుల్లో నలుపుకుంటూ నిలబడిపోయేవారు. నాష్‌విల్ పట్నం నుంచి కబురొచ్చింది. రికార్డులు చేసే ఆసామి ఒకాయన ఆమె పాట వింటానన్నాడు. సోమవారం పొద్దున్నే బస్సు. పెట్టె సర్దేసి మంచం మీద పెట్టుకుంది.

ముందురోజు ఆదివారం జెల్లా కొండ మీద శ్మశానానికి బయలుదేరింది. ఏటా ఆ రోజున సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, అందరూ అక్కడే కూర్చుని భోంచేయడం మనకు అలవాటేగా. చలిగాలికి గొంతు పాడవకూడదని డెల్ఫియాని ఇంట్లోనే ఉండమంది.

"వాళ్ళకి నీ పాట నచ్చకపోతే ఏం చేస్తావే?" అంది జెల్లా, బుట్ట చేతికి తగిలించుకుంటూ.

"నువ్వు చేసిన మొక్కజొన్న రొట్టె పెడతాను నాయనమ్మా. నమిలేటప్పుడు కాదనలేరుగా."

"నోరు పెద్దదైపోయింది నీకు," అని నవ్వి, గడప దాటబోతూ ఆగింది. "ఒర్లీనా రికార్డు పెట్టుకుంటే పెట్టుకో. వినడం వరకే. గొంతు కలపకు."

"ఎందుకు?"

"కలపకన్నాను కదూ."

ఒర్లీనా మన లోయ మనిషే. ఆమె, చెల్లెలు మిర్టిల్ కలిసి పాడేవారు. అక్కది మొదటి గొంతు, చెల్లెలిది పై శ్రుతిలో కలిసే తోడుగొంతు. రికార్డు చేయడానికి పిలుపొచ్చిన వేళకి మిర్టిల్ జ్వరంతో పోయింది. ఒర్లీనా ఒక్కతే వెళ్ళింది. వేరే మనిషి గొంతు కలుపుతానంటే ఒప్పుకోలేదట. పాట పాటలోనూ చెల్లెలి చోటు ఖాళీగా వదిలి పాడింది. ఆ ఆల్బం పేరు కూడా 'నీ చోటు అలాగే ఉంది'. తర్వాతి చలికాలంలోనే ఒర్లీనా కూడా కన్నుమూసింది. ఈ లోయలో ఆ ఆల్బం లేని ఇల్లు లేదు. అట్ట మీద నీలం గౌను వేసుకుని, పక్కన ఖాళీ కుర్చీ మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంటుంది.

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. చూస్తుండగానే వాగు ఉబ్బి ఊగుడు వంతెన పలకల మీదుగా పారింది. మబ్బుకి ఇల్లంతా సాయంత్రంలా చీకటైంది. డెల్ఫియా దీపం వేసి, రికార్డు పెట్టింది.

నాష్‌విల్ ఆసామి తోడుగొంతు పాడగలవా అని మరీ మరీ అడిగాడు. సాధన చేయడానికి అంతకంటే మంచి రికార్డు ఏముంది? పైగా మన చర్చిలో వాయిద్యాలు ఉండవు. ఒకరు పాట ఎత్తుకుంటే, పక్కవాళ్ళు గొంతు కలపకుండా వదిలేయడం ఆ మనిషిని గడప బయట నిలబెట్టినంత తప్పు. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ అదే అలవాటు. మొదటి పాట సగంలో ఆమెకి తెలియకుండానే నోరు తెరుచుకుంది.

ఎంత చక్కగా కలిసిందనుకున్నారు! చెక్కకి చెక్క అతికినట్టు అతికింది. ఒర్లీనా గొంతు కూడా ఇంతకు ముందెప్పుడూ లేనంత హాయిగా ఉన్నట్టనిపించింది. ఒక పాట, ఇంకో పాట. ఆ వైపు అయిపోయింది. ముల్లు చివరి గాట్లో గరగరమంది.

ఆ గరగరలో... ఎవరో ఊపిరి తీసుకున్నారు.

తడి ఊపిరి. చెవి పక్కనే.

పాట మళ్ళీ మొదలైంది. అట్ట మీద పేరు లేని పాట. అయినా డెల్ఫియా నోట తోడుగొంతు తడుముకోకుండా వచ్చేసింది. ఆపబోయింది. పెదవులు మూతపడలేదు. మొదటి గొంతు ఆగకముందు తోడుగొంతు ఆగకూడదనేది మన చర్చి నియమం. ఆ నియమం ఇప్పుడు ఆమె గొంతులో ఎముకలా ఇరుక్కుంది.

పోయినవాళ్ళ మొహాన అద్దే కర్పూరం వాసన వచ్చింది. దాని వెనక తడి బంకమట్టి వాసన.

తీగ పీకేద్దామని రికార్డు పెట్టె దగ్గరికి వెళ్ళింది. అప్పుడు చూసింది. దీపం ఎప్పుడో ఆరిపోయి ఉంది. కరెంటు లేదు. రికార్డు తిరగడం లేదు.

పాట మాత్రం వస్తోంది.

పాడుతూనే తలుపు వైపు పరుగెత్తింది. గడియ తీసింది. తలుపు తెరుచుకుంది. వాన చల్లగా మొహాన కొట్టింది. అడుగు బయట పెట్టగానే... మెడకి తాడు బిగిసినట్టయింది. ఊపిరి ఆడలేదు. వెనక్కి వస్తే ఊపిరి వచ్చింది. ఊపిరితో పాటే పాట వచ్చింది. తలుపు బార్లా తెరిచే ఉంది. ఆమె వెళ్ళలేకపోయింది.

నాయనమ్మ వంటగదిలో కూర్చునే కుర్చీ ఇప్పుడు డెల్ఫియా పక్కన ఖాళీగా ఉంది. ఎవరు జరిపారు? కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. గొంతు చీలిపోతోంది. నోట్లో నెత్తురు రుచి తగిలింది. మొదటి గొంతు మటుకు అలిసిపోవడం లేదు... చరణం తర్వాత చరణం... అలిసిపోవడం లేదు...

జెల్లా కొండ చుట్టు దారిన, మోకాలి లోతు బురదలో వచ్చింది. ఇంటికి దూరంగా ఉండగానే రెండు గొంతులు వినిపించాయట. బుట్ట అక్కడే పడేసింది. లోపలికి వచ్చి మనవరాలి వైపు చూడలేదు. తిన్నగా కుర్చీ ముందుకి వెళ్ళి నిలబడింది. మన చర్చిలో పాట చాలించాలంటే పెద్దవాళ్ళు లేచి చెయ్యి కలుపుతారు కదా. జెల్లా ఖాళీ కుర్చీ వైపు కుడిచెయ్యి చాచింది.

"ఒర్లీనా," అని గుసగుసగా అంది, "చాలమ్మా. పిల్ల అలిసిపోయింది. చెయ్యి ఇలా ఇయ్యి."

గాలిలో ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఒక్కసారి కిందికీ పైకీ ఊగింది.

పాట ఆగింది.

జెల్లా చెయ్యి వెనక్కి తీసుకుంది. అరచేతి నిండా తడి మట్టి.

డెల్ఫియా నేల మీద కూలబడి, "నాయనమ్మా," అనబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

మర్నాడు బస్సు వచ్చింది, వెళ్ళింది. మంచం మీద పెట్టె మంచం మీదే ఉంది. ఏ వైద్యుడూ గొంతులో లోపం కనిపెట్టలేకపోయాడు. పోస్టాఫీసులో మీరు స్టాంపులు కొనుక్కునే కిటికీ వెనక గుసగుసగా మాట్లాడే ఆవిడ ఉంది చూశారూ, మీరు నవ్వుకుంటూ అనుకరిస్తారే, ఆవిడే డెల్ఫియా. ఇక అనుకరించకండి.

ఇంకో సంగతి ఉంది. ఆ ఆదివారం నుంచి ఈ లోయలో ఎవరింట్లో ఆ ఆల్బం పెట్టినా రెండు గొంతులు వినిపిస్తాయి. పైది డెల్ఫియాదే. నేను ఆమెతో చిన్నప్పుడు చర్చిలో ఒకే బల్ల మీద కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. జాగ్రత్తగా వింటే ఆ రెండింటికీ నడుమ కొంచెం చోటు వదిలి పాడుతున్నట్టుంటుంది. మూడో గొంతు పట్టేంత చోటు.

సరే, వాన తగ్గింది. లేవండి. ఇళ్ళల్లో చిక్కుళ్ళు ఉడికి ఉంటాయి, చల్లారకముందే తినండి. దారిలో ఎవరూ పాటలు పాడకండి.

వెనక కూర్చుని ఆ ఒర్లీనా పాట కూనిరాగం తీస్తున్నదెవరర్రా? ఆపమ్మా.

రూబీ... నీ చెల్లెల్ని ఆపమను.